మీ ప్రశ్నలు – మా జవాబులు: కమ్యూనిస్టు పాలనలో మహిళా నేతలు

గత సంచికలో వియత్నాం నాయకురాలు న్గుయెన్ థి బిన్ గురించి ఒక చిన్న పరిచయం వేశాం. 1973 జనవరి 27న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసిన నలుగురు విదేశాంగ మంత్రుల్లో ఆమె ఒక్కరే మహిళ. దక్షిణ వియత్నాం తాత్కాలిక విప్లవ ప్రభుత్వం తరఫున ఆమె సంతకం చేశారు. ఆ పరిచయం చదివిన పాఠకులు నల్గొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల నుంచి ఎక్కువగా ఉత్తరాలు రాశారు. ప్రశ్నలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ఈసారి శీర్షికను దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: స్త్రీపురుష సమానత్వాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్న కమ్యూనిస్టు దేశాల్లో ఒక్క మహిళ అయినా అత్యున్నత పదవిలో కూర్చున్నారా? మా తరగతిలో ఈ మాట వస్తే అందరూ ఇందిరాగాంధీ, సిరిమావో బండారనాయకే పేర్లే చెప్పారు. ఆ వైపు నుంచి ఒక్క పేరూ రాలేదు.
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: కూర్చున్నారమ్మా. సిరిమావో 1960లో ప్రధాని కావడానికి ఇరవై ఏళ్ల ముందే, సోవియట్ యూనియన్‌కూ మంగోలియాకూ నడుమ ఉన్న తువా అనే చిన్న పశుపాలకుల దేశంలో ఖెర్తెక్ అంచిమా అనే యువతి దేశాధినేత అయింది. రాజవంశంలో పుట్టకుండా దేశాధినేత అయిన తొలి మహిళగా చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. 1944లో ఆ దేశం సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది, ఆమె పేరు కూడా మరుగున పడింది. మంగోలియాలో సుహ్బాతర్ యంజ్మా 1953, 54 సంవత్సరాల్లో కొంతకాలం తాత్కాలిక దేశాధినేతగా ఉన్నారు. యుగోస్లావియాలో మిల్కా ప్లానింత్స్ 1982 నుంచి 1986 వరకు ప్రధానమంత్రిగా పనిచేశారు. విదేశీ అప్పులు పీకల మీదికి వచ్చిన రోజుల్లో పొదుపు చర్యలు అమలు చేసే కష్టమైన పని ఆమె నెత్తిన పడింది.

అయితే ఆ దేశాల్లో అత్యున్నత పదవి ఏదన్నది ముందు తేల్చుకోవాలి. మన దగ్గర ప్రధానమంత్రి ఎవరంటే అధికారం ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. కమ్యూనిస్టు పాలనలో ప్రధాని, అధ్యక్షుడు, మంత్రి అన్నవి ప్రభుత్వ పదవులు. ఆ ప్రభుత్వం ఏం చెయ్యాలో నిర్ణయించేది పార్టీ, పార్టీలో నిర్ణయించేది కొద్దిమంది అగ్రనేతల కమిటీ అయిన పొలిట్‌బ్యూరో, అందులో చివరి మాట ప్రధాన కార్యదర్శిది. దేశాన్ని ఏలిన ఏ కమ్యూనిస్టు పార్టీకీ ఇంతవరకు ఒక మహిళ ప్రధాన కార్యదర్శి కాలేదు. మీ తరగతిలో పేర్లు దొరకకపోవడానికి కారణం అదే.

ఆ కుర్చీకి దగ్గరగా వెళ్లినవారిలో సోవియట్ నాయకురాలు ఎకతెరీనా ఫుర్త్సెవాను వివరంగా చూడడం మంచిది, ఎందుకంటే ఆమె ఎక్కిన దారి, దిగిన దారి రెండూ స్పష్టంగా కనబడతాయి. ఆమె 1910లో పుట్టారు, చిన్న వయసులోనే నేత మిల్లులో పనికి చేరారు, యువజన సంఘం ద్వారా పార్టీలోకి వచ్చారు. 1954లో మాస్కో నగర పార్టీకి మొదటి కార్యదర్శి అయ్యారు. ఇది అలంకార పదవి కాదు. ఇళ్లు, ఫ్యాక్టరీలు, నియామకాలు అన్నీ ఆ కార్యదర్శి చేతి మీదుగా నడిచే పదవి. 1957లో పార్టీ అధినేత కృశ్చేవ్‌ను దించాలని పెద్ద నాయకులు ప్రయత్నించినప్పుడు ఆమె ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. అప్పట్లో ప్రిసీడియం అని పిలిచిన పొలిట్‌బ్యూరోలో అదే ఏడాది పూర్తి సభ్యురాలయ్యారు. సోవియట్ చరిత్రలో ఆ స్థానం పొందిన మొదటి మహిళ ఆమె. నాలుగేళ్లు తిరిగాయో లేదో, 1961లో ప్రిసీడియం నుంచి తప్పించారు. సాంస్కృతిక మంత్రి పదవి మాత్రం 1974లో చనిపోయేవరకు ఆమె దగ్గరే ఉంచారు. అంటే నిర్ణయాలు జరిగే బల్ల దగ్గరి నుంచి లేపి, నాటకశాలల బాధ్యత అప్పగించారన్నమాట. సాంస్కృతిక శాఖ చిన్నదని నేననడం లేదు. కానీ మాస్కో నగర కార్యదర్శిగా పనిచేసిన మనిషికి అది పదోన్నతి మాత్రం కాదు.

ఆమె తరువాత 1988లో అలెగ్జాండ్రా బిర్యుకోవా అభ్యర్థి సభ్యురాలిగా (ఓటు హక్కు లేని సభ్యురాలిగా) వచ్చేవరకు, ఇరవై ఏడేళ్లపాటు సోవియట్ పొలిట్‌బ్యూరోలో మరో మహిళ అడుగుపెట్టలేదు. ఇదే కాలంలో అత్యున్నత చట్టసభ అయిన సుప్రీం సోవియట్ సభ్యుల్లో మహిళలు సుమారు మూడో వంతు ఉన్నారు, స్థానిక పాలక మండళ్లయిన సోవియట్లలోనైతే దాదాపు సగం. పార్టీ కేంద్ర కమిటీకి వచ్చేసరికి, బ్రెజ్నెవ్ కాలంలో, ఆ సంఖ్య నూటికి ఐదుగురి లోపే. సుప్రీం సోవియట్ ఏడాదిలో కొద్ది రోజులే సమావేశమై, ముందే తయారైన తీర్మానాలకు చేతులెత్తేది. ఎక్కడ మాటకు విలువ తక్కువో అక్కడ మహిళలు ఎక్కువ, ఎక్కడ విలువ ఎక్కువో అక్కడ తక్కువ. ఈ లెక్క ఒక్క సోవియట్ యూనియన్‌దే కాదు, తరువాతి జవాబుల్లో మళ్లీ ఎదురవుతుంది.

ప్రశ్న: పైకి వచ్చినవాళ్లంతా నాయకుల భార్యలే కదా? మావో భార్య, లిన్ బియావ్ భార్య, చౌషెస్కు భార్య. మరి మన వారసత్వ రాజకీయాలను వాళ్లెందుకు తప్పుపట్టాలి?
– విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: మాస్టారూ, మీరు చెప్పిన ముగ్గురి విషయంలో నాకూ వాదన లేదు. 1969లో చైనా పొలిట్‌బ్యూరోలోకి తొలిసారి ఇద్దరు మహిళలు వచ్చారు. ఒకరు మావో భార్య జియాంగ్ చింగ్, మరొకరు అప్పటి రక్షణమంత్రి లిన్ బియావ్ భార్య యె చున్. రుమేనియాలో అధినేత చౌషెస్కు భార్య ఎలీనా 1980లో మొదటి ఉపప్రధాని అయ్యారు, 1989 డిసెంబరు 25న భర్తతోపాటు ఆమెనూ కాల్చి చంపారు. మీ జాబితాకు తూర్పు జర్మనీలో 1963 నుంచి 1989 వరకు విద్యామంత్రిగా ఉన్న మార్గొట్ హొనెకర్‌ను, బల్గేరియా అధినేత కూతురు ల్యుద్మిలా జివ్‌కోవాను కూడా చేర్చవచ్చు. నేను పైన మెచ్చుకుంటూ రాసిన తువా అంచిమా సైతం ఆ దేశపు పార్టీ ప్రధాన కార్యదర్శిని పెళ్లాడినవారే.

అయినా "అంతా భార్యలే" అన్న మాట దగ్గర ఆగాలి. చైనా ప్రధాని చౌ ఎన్‌లై భార్య డెంగ్ యింగ్‌చావ్ సంగతి చూడండి. ఆమె 1925లోనే పార్టీలో చేరారు, 1934–35 నాటి సుదీర్ఘ యాత్రలో (లాంగ్ మార్చ్‌లో) పాల్గొన్నారు. పదవికి ఏ విధంగా చూసినా అర్హురాలు. భర్త బతికి ఉన్నంతకాలం ఆమెను పొలిట్‌బ్యూరోలోకి తీసుకోలేదు. చౌ 1976 జనవరిలో మరణించారు, ఆమె 1978 చివరిలో పొలిట్‌బ్యూరోకు వచ్చారు. ఒకరికి భర్త నిచ్చెన అయితే మరొకరికి అడ్డుగోడ అయ్యాడు. రెండు చోట్లా ఆమె స్థానాన్ని కొలిచింది మాత్రం భర్తతోనే.

ఎవరి భార్యా కాకుండా వచ్చినవారికి ఏం జరిగిందో కూడా చెప్పాలి. వు గుయ్‌షియన్ షాన్షీ రాష్ట్రంలోని షియాన్యాంగ్ పట్టణంలో నూలు మిల్లు కార్మికురాలు. ఆదర్శ కార్మికురాలిగా పేరు తెచ్చుకుని, 1973లో పొలిట్‌బ్యూరో ప్రత్యామ్నాయ సభ్యురాలై, 1975లో చైనాకు తొలి మహిళా ఉపప్రధాని అయ్యారు. 1977లో పదవి పోయాక ఆమె తిరిగి అదే మిల్లుకు వెళ్లిపోయారు. అంత ఎత్తుకు వెళ్లి వచ్చి, మళ్లీ మగ్గాల చప్పుడు మధ్య నిలబడ్డ ఆ మనిషి మీద నాకు గౌరవం. ఆమెను పైకి తీసుకుపోయింది ఆదర్శ కార్మికురాలు కావాలన్న ఆనాటి రాజకీయ అవసరం. ఆ అవసరం తీరగానే ఆమె వెనుక నిలబడే జిల్లా గాని, శాఖ గాని, అనుచరవర్గం గాని లేకపోయింది.

రుమేనియాలో ఆనా పౌకర్ కథ వేరు. భర్త పలుకుబడితో కాదు, జైళ్లలో, ప్రవాసంలో గడిపిన ఏళ్ల బలంతో 1947లో విదేశాంగ మంత్రి అయ్యారు. 1952లో సొంత పార్టీవాళ్లే మితవాద ధోరణి అన్న ముద్ర వేసి తొలగించారు. ఆ ప్రక్షాళనలో పురుషులూ పోయారు కాబట్టి, ఆమె పతనానికి స్త్రీ కావడమొక్కటే కారణమని నేను రాయను.

ప్రశ్న: చాకలి ఐలమ్మ, ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం పుట్టిన నేల మనది. తుపాకి పట్టడానికి పనికొచ్చిన ఆడవాళ్లు కమిటీలో కూర్చోవడానికి ఎందుకు పనికిరాలేదు?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఎక్కువ సమయం పట్టింది. మన దగ్గర రాష్ట్రస్థాయిలో కమ్యూనిస్టు పాలన ఎన్నడూ లేదు. కానీ తెలంగాణ సాయుధ పోరాటం సాగిన 1946 నుంచి 1951 వరకు నల్గొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో అనేక చోట్ల సంఘం (ఆంధ్ర మహాసభ) చెప్పిందే నడిచింది. పంచాయితీలు తీర్చింది, భూములు పంచింది గ్రామ కమిటీలే. ఆ మేరకు "పాలన" అన్న మాట మనకూ వర్తిస్తుంది.

అప్పట్లో నల్గొండ జిల్లాలోనే ఉన్న పాలకుర్తిలో ఐలమ్మ సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం కాపాడింది. ఆ పంట నిలవడంతో చుట్టుపక్కల ఊళ్లకు ధైర్యం వచ్చింది. కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన స్వరాజ్యం పదహారేళ్లు నిండే వయసుకే దళాల్లో రాజక్కగా పేరుపొందారు. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. తరువాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు, 2022 మార్చి 19న కన్నుమూశారు. కమలాదేవి ఆలేరు నుంచి 1952, 1957, 1962 ఎన్నికల్లో వరుసగా మూడుసార్లు గెలిచారు. కాబట్టి ప్రజలు ఓటు వెయ్యరన్న సాకు మన జిల్లాలో చెల్లదు. ఓటు వేశారు, పదే పదే వేశారు.

ఇక కమిటీ సంగతి. దీన్ని నేను పుస్తకంలో కంటే మా ఇంటి అరుగు మీద ముందు చూశాను. మా మేనత్త పోరాట రోజుల్లో పెసర్ల తట్ట అడుగున చీటీలు పెట్టి దళాలకు చేరవేసిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికి ఆమె పార్టీ శాఖలో సభ్యురాలు, ఏటేటా సభ్యత్వం రెన్యువల్ చేసుకునేది. శాఖ సమావేశం మా అరుగు మీదే, పొలాల నుంచి అందరూ వచ్చి తిన్నాక, రాత్రి తొమ్మిది దాటాక మొదలయ్యేది. కందిలి వెలుగులో మినిట్స్ పుస్తకం తెరిచి హాజరు రాసేవారు. అత్త పేరూ రాసేవారు. కానీ అదే సమయానికి పాలు కాగబెట్టాలి, పసిపిల్లను పడుకోబెట్టాలి, వచ్చిన పదకొండు మందికి చాయ్ పెట్టాలి. ఆమె గడప లోపల నుంచి వింటూ ఉండేది, నచ్చని మాట వస్తే అక్కడి నుంచే "అట్లెట్ల కుదురుతది?" అని గట్టిగా అనేది. అందరూ నవ్వి, తలూపి, తరువాతి అంశానికి పోయేవారు. ఆ అభ్యంతరం మాత్రం మినిట్స్‌లోకి ఎక్కేది కాదు. పుస్తకం రాసే బాబాయికి ఆమె అంటే ఎంతో గౌరవం, అందులో అనుమానం లేదు. గౌరవం ఉంది గాని గడప ఇవతల ఒక పీట మాత్రం లేదు.

1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించాక దళాల్లోని మగవాళ్లలో చాలామంది పూర్తికాలం కార్యకర్తలయ్యారు, జిల్లాలకు వెళ్లారు. ఆడవాళ్లలో చాలామందికి ఇక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకొమ్మన్న సలహా వచ్చిందని, అది తమకెంత బాధ కలిగించిందో వాళ్లే తరువాతి కాలంలో చెప్పుకున్నారు. అడవిలో బిడ్డ ఏడిస్తే దళం ఆచూకీ తెలిసిపోతుందని పసివాళ్లను ఇతరుల ఇళ్లలో వదిలివచ్చిన తల్లులు వాళ్లు. అంతటి త్యాగం చేసినవారికి హోల్‌టైమరుగా ఉండే అవకాశం ఇవ్వకపోవడాన్ని నేను ఉద్యమ అవసరంగా సమర్థించలేను, అది పార్టీ చేసిన తప్పే.

కమిటీలు ఎలా ఏర్పడతాయో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. మహాసభలో దిగిపోతున్న కమిటీయే కొత్త కమిటీకి ప్యానెల్ ప్రతిపాదిస్తుంది, ప్రతినిధులు సాధారణంగా చేతులెత్తి ఆమోదిస్తారు. ప్యానెల్ రాసేవారు తాము రోజూ చూసే మనుషుల పేర్లే రాస్తారు, అంటే మండలాలు తిరిగేవాళ్లు, రాత్రిళ్లు ఆఫీసులో పడుకోగలిగేవాళ్లు, భూమి కేసుల్లో స్టేషనుకు వెళ్లివచ్చేవాళ్లు. మహిళా కార్యకర్తకు అప్పగించే పని మహిళా సంఘం. అక్కడ ఆమె ఇరవై ఏళ్లు పనిచేసినా అది "ప్రజాసంఘం పని"గా లెక్కకు వస్తుంది గాని, మండల కార్యదర్శిగా చేసిన అనుభవంగా రాదు. జిల్లా కార్యదర్శి కానివారు రాష్ట్ర కార్యదర్శివర్గంలోకి రావడం కష్టం, అక్కడ లేనివారు కేంద్ర కమిటీకి పోవడం మరింత కష్టం. నిచ్చెనకు కింది మెట్టే లేనప్పుడు పైమెట్టు మీద ఆడవాళ్లు ఎందుకు లేరని మహాసభలో చర్చించి లాభం లేదు.

ప్రశ్న: కేరళలో గౌరియమ్మ ముఖ్యమంత్రి అవుతారని పాటలు కట్టారట, నిజమేనా? ఎందుకు కాలేదు?
– కళాశాల అధ్యాపకుడు, వనపర్తి

జవాబు: నిజమే. కొబ్బరిచెట్లు నిండిన కేరళను గౌరి ఏలుతుందన్న అర్థంలో 1987 ఎన్నికల్లో మలయాళంలో నినాదం ఊరూరా మోగింది. ఎన్నికల్లో వామపక్ష కూటమి గెలిచాక సీపీఎం ఇ.కె. నాయనార్‌ను ముఖ్యమంత్రిగా ఎంపిక చేసింది. కె.ఆర్. గౌరియమ్మ 1957లో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ తొలి మంత్రివర్గంలో ఏకైక మహిళ, రెవెన్యూ మంత్రిగా భూసంస్కరణల బిల్లును తెచ్చినవారు. 1964లో పార్టీ చీలినప్పుడు ఆమె సీపీఎం వైపు, భర్త టి.వి. థామస్ సీపీఐ వైపు నిలిచారు, కాపురమూ చీలిపోయింది. 1994లో పార్టీ ఆమెను బహిష్కరించింది. ఆమె సొంత పార్టీ పెట్టుకుని, తరువాత కాంగ్రెస్ కూటమి ప్రభుత్వంలో మంత్రి కూడా అయ్యారు. 2021 మే 11న నూటొక్క ఏళ్ల వయసులో మరణించారు.

ఆ నెలలోనే ఇంకో సంగతి జరిగింది. ఆరోగ్యమంత్రిగా కోవిడ్ కాలంలో పేరు తెచ్చుకున్న కె.కె. శైలజ మట్టన్నూరు నుంచి అరవై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచినా, కొత్త మంత్రివర్గంలో చోటు దక్కలేదు. ముఖ్యమంత్రి తప్ప పాతవారెవరూ ఉండకూడదన్న నియమం అందరికీ వర్తించిందని పార్టీ చెప్పింది. నియమం అందరికీ ఒకటే, ఒప్పుకుంటాను. మినహాయింపు ఒక్కరికే దొరికినప్పుడు ఆ ఒక్కరు ఎవరన్నది కూడా జనం చూస్తారు.

ప్రశ్న: ఇప్పటి చైనాలో పరిస్థితి ఏమిటి?
– పోటీ పరీక్షల అభ్యర్థి, మిర్యాలగూడ

జవాబు: 2022 అక్టోబరులో ఏర్పడిన 24 మంది పొలిట్‌బ్యూరోలో ఒక్క మహిళ కూడా లేరు. పాతికేళ్లలో ఇలా జరగడం అదే మొదలు. అంతకుముందు వు యి, ల్యూ యాన్‌డాంగ్, సున్ చున్లాన్ ఒకరి తరువాత ఒకరు పొలిట్‌బ్యూరోలో ఉండి, ఉపప్రధానులుగానూ పనిచేశారు. 2003లో సార్స్ వ్యాధి ప్రబలినప్పుడు ఆరోగ్యశాఖను వు యి చేపట్టారు, కోవిడ్ కట్టడి బాధ్యత సున్ చున్లాన్‌ది. పొలిట్‌బ్యూరో పైన ఉండే స్థాయీ సంఘంలో 1949 నుంచి నేటివరకు మహిళ లేరు. పార్టీ సభ్యత్వంలో మాత్రం మహిళలు సుమారు 30 శాతం.

పరీక్షకు పనికొచ్చే ఒక కారణం రాసుకోండి. చైనాలో దశాబ్దాలపాటు ఉద్యోగినుల పదవీ విరమణ వయసు 55, పురుషులకు 60. రాష్ట్రస్థాయి పదవులు చేతికందే వయసు సరిగ్గా అదే. 2025 నుంచి ఈ వయసులను క్రమంగా 58కీ 63కీ పెంచుతున్నారు. ఐదేళ్ల తేడా మాత్రం అలాగే ఉంది.

ప్రశ్న: నేను వార్డు సభ్యురాలిని. మా దగ్గర రిజర్వేషన్ వల్లనే నేను గెలిచాను. ఆ దేశాల్లో కూడా రిజర్వేషన్ పెట్టి ఉంటే పరిస్థితి మారేదా?
– దేవరకొండ మండలం

జవాబు: చట్టసభల్లో ఒక రకంగా పెట్టారమ్మా. సోవియట్ యూనియన్‌లో ఇంతమంది మహిళలు, ఇంతమంది కార్మికులు, ఇంతమంది యువకులు అని పైనుంచి లెక్కవేసి ఒక్కో స్థానానికి ఒక్కో అభ్యర్థిని నిలబెట్టేవారు. 1989లో గోర్బచేవ్ పోటీ ఎన్నికలు పెట్టగానే మహిళల వాటా దాదాపు సగానికి పడిపోయింది. అప్పటిదాకా ఉన్న స్థానాలు వాళ్ల సొంత బలంతో నిలబెట్టుకున్నవి కావని అప్పుడు బయటపడింది. దీన్ని చూపించి రిజర్వేషన్ దండగ అనేవారున్నారు, నేను వారితో ఏకీభవించను. అక్కడ రిజర్వేషన్ పెట్టింది అధికారం లేని సభలో. అధికారం ఉన్న కమిటీలో ఎన్నడూ పెట్టలేదు.

మన పంచాయతీల్లో సర్పంచ్ భర్త కుర్చీలో కూర్చుంటే సర్పంచ్ ఇంటి దగ్గర తీర్మానాల పుస్తకం మీద సంతకం పెట్టడం మీరూ చూసే ఉంటారు, నేనూ చూశాను. అయితే ఆ సంతకం లేనిదే బిల్లు పాస్ కాదన్న సంగతి తెలిసిన రోజున ఆమె "చదివి పెడతా" అన్నదంటే వ్యవహారం మారుతుంది. సోవియట్ ప్రతినిధురాలు చేతులెత్తినా ఎత్తకపోయినా తీర్మానం ఆగేది కాదు. మీ చేతిలో ఉన్నది అంతకంటే ఎక్కువే.

పార్టీ కమిటీల విషయంలో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 1998లో సీపీఎం కలకత్తా మహాసభలో, నాయకత్వంలో మహిళలు తక్కువగా ఉన్నందుకు నిరసనగా బృందా కారత్ కేంద్ర కమిటీలోకి రావడానికి నిరాకరించారు. 1964లో ఏర్పడిన సీపీఎంలో 2005లో గాని మొదటి మహిళ పొలిట్‌బ్యూరోకు రాలేదు, ఆ మహిళ కూడా బృందానే. 2025లో మదురై మహాసభలో వయోపరిమితి వల్ల ఆమె, సుభాషిణీ అలీ తప్పుకున్నారు. 18 మంది కొత్త పొలిట్‌బ్యూరోలోకి మరియం ధావలే, యు. వాసుకి వచ్చారు. ఇద్దరూ మహిళా సంఘంలో ఎదిగినవారే.